కుట్టుమిషనుకు కూడ ఖాతా వలయును

మన సంఘపు పుస్తకములలో విత్తనములకు ఒక పద్దు కలదు. ఎరువులకు ఒక పద్దు కలదు. పాడిపశువును కొనుటకిచ్చిన అప్పునకు వేఱొక పద్దు కలదు. సభ్యుని యింట కుట్టుమిషనుపై ఏడాది పొడవునను జరుగు పనికి మాత్రము ఏ పద్దును లేదు. సంఘపు పుస్తకములలోనే కాదు, ఆ యింటివారి పుస్తకములో కూడ లేదు. ఈ లోపమును గూర్చి సోదర రైతులకు నాలుగు మాటలు మనవి చేయ దలంచితిమి.

పైరుల సంగతి చెప్పవలసినవారికి కుట్టుపనితో నేమి యని కొందఱు అడుగవచ్చును. రైతు కుటుంబమునకు రాబడి ఎటనుండి వచ్చుచున్నదో తెలియనిదే ఆ కుటుంబమునకు ఏ పైరు తగునో, ఎంత అప్పు తగునో చెప్పుట సాధ్యము కాదని మా యనుభవము.

వరంగల్లు రోడ్డు మీదుగా కూరగాయల మూటలతో పట్టణము చేరు మన సభ్యులకు ఉప్పల్ క్రొత్త చోటు కాదు. ఒకప్పుడు ఉప్పల్, నాచారము రెండును పల్లెలే. మూసీ యొడ్డున నున్న ఉప్పల్ భగాయత్ పేరులో తోటల మాట నేటికిని నిలిచియున్నది. తరువాత నాచారమున పారిశ్రామికవాడ వెలసెను. 2007లో ఉప్పల్ పురపాలక సంఘము హైదరాబాదు మహానగరపాలక సంస్థలో కలిసెను. 2017లో నాగోలు నుండి ఉప్పల్ మీదుగా మెట్రో రైలు నడువసాగెను. పొలములు ప్లాట్లుగా మారినవి. ఆ మార్పు ఘట్‌కేసరు దాటి మన యూళ్ళ వైపునకు నడచి వచ్చుచున్నది.

ఇటీవల నాచారమున మాకు పరిచయమున్న యొక కుటుంబమును చూడబోయితిమి. ఇంటి పెద్ద ఒకనాడు ఆకుకూరలు పండించినవాడు. ఇప్పుడు పొలము లేదు. ముందు గదిలో కోడండ్రిద్దఱు రెండు మిషనులపై రవికలు కుట్టుచుండిరి. కళాశాలలో చదువు మనుమరాలు కంప్యూటరుపై పూలతీగ నొకదానిని గీయుచుండెను. ఈ పని వలన నెలకేమి వచ్చునని పెద్దాయన నడిగితిమి. “ఏముంటది సారూ, ఆడోళ్ళ చేతిఖర్చుకు వస్తది” అనెను. పెద్దకోడలు తన పుస్తకమును తెచ్చి చూపెను. ప్రతి మనిషి కొలతలును, ఇచ్చిన గుడ్డయు, పుచ్చుకొన్న సొమ్మును అందు పొందికగా నుండెను. పట్టిన గంటలు ఏవి యని అడుగగా, “కొలతలన్నీ రాసిన సారూ, నా పని మాత్రం రాయలే” అని నవ్వెను.

మనుమరాలు గీసిన పూలతీగ నొకదానిని అంతకుముందే ఒక వ్యాపారి మచ్చు చూపుదునని తీసికొని పోయెనట. దసరా నాటికి అదే తీగ, అవే పూలు, పలు దుకాణములలో రవికలపై కానవచ్చెను. ఆ బాలికకు చేరిన దేమియు లేదు.

మేము చదివిన మిషను బడిలో బాలురు పెంచిన వంకాయల తూకమును బోర్డుపై వ్రాసెడివారు. బాలికలు కుట్టిన చేతిరుమాళ్ళను ఏటేట అమ్మెడివారు గాని, వానికి పట్టిన కాలమును ఎవరును వ్రాయలేదు. ఆనాడు మాకును అది లోపముగా తోచలేదు.

ఈ లోపమునకు ఎంత మూల్యము చెల్లింపవలసి వచ్చునో నరసాపురపు లేసు అల్లికలను చూచిన తెలియును. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు గోదావరి మండలమున స్త్రీలకు ఈ అల్లిక నేర్పిరి. సరకు సముద్రములు దాటినది. మరియా మీస్ అను జర్మను పండితురాలు అచ్చట పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. స్త్రీలు ఇంటి పనుల నడుమ గంటల తరబడి అల్లుచుండిరనియు, అయినను వారిని పనివారుగా గాక ఇంట ఊరక కూర్చుండు గృహిణులుగా ఎంచిరనియు, వర్తకము పురుషుల చేతిలో నుండెననియు ఆమె చూపెను. తీరిక వేళ పని యని పేరు పెట్టినంతనే కూలి తగ్గిపోయెను. ఆ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించెను. సంతోషము. పేరునకు గుర్తింపు వచ్చినంత మాత్రమున చేతికి కూలి రాదు. దానికి లెక్క వేఱుగా నుండవలయును.

యంత్రమును, కంప్యూటరును వచ్చిన చేతిపని చచ్చునని మఱికొందఱి భయము. వారు ఉప్పల్ నుండి ఇదే రోడ్డున ఆలేరు వఱకు పోయి చూతురుగాక. పోచంపల్లి తరహా చీర నేయుటకు ముందు ఆసు పోయవలయును. ఒక్క చీరకు చేయి సుమారు తొమ్మిదివేల మార్లు అటునిటు తిరుగవలయును. ఈ పని యింటి స్త్రీలదే. తల్లి భుజముల నొప్పి చూడలేక చింతకింది మల్లేశము గారు ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును నిలిపిరి. 2017లో వారికి పద్మశ్రీ వచ్చెను. ఆ యంత్రము వలన చేనేత చావలేదు. తల్లుల భుజములు తేలికపడినవి. కంప్యూటరు కూడ మగ్గమునకు పరాయిది కాదు. జకార్డు మగ్గపు చిల్లుల అట్టలను చూచియే ఇంగ్లండులో బాబేజి పండితుడు తన లెక్కల యంత్రమునకు ఆజ్ఞలందించు ఉపాయమును గ్రహించెను.

అయితే పనిముట్టు గుణమెఱిగి వాడవలయును. ఫోనుతో తీసిన ఛాయాపటము చుక్కల కూర్పు. మిక్కిలి పెంచిన చెదరును. గీతల లెక్కతో గీసిన బొమ్మ ఎంత పెంచినను అంచు చెడదు. ఇట్లు గీయుటకు ఇంక్‌స్కేప్ అను సాధనము 2003 నుండి ఉచితముగా లభించుచున్నది. ఎంబ్రాయిడరీ మిషనుకు బొమ్మ మాత్రమే చాలదు. సూది ఎచ్చట దిగవలయునో కుట్టుకుట్టునకును తెలుపు ఫైలు వలయును. రవిక నమూనాను పెద్ద కొలతకు మార్చునపుడు అంతటిని ఒకే పాళ్ళలో పెంచరాదు. ఛాతీ పెరిగినంతగా మెడయు చంకయు పెరుగవు. కాగితముపై ముద్రించునపుడు ప్రక్కనే పది సెంటీమీటర్ల చదరమొకటి ముద్రించి స్కేలుతో కొలువవలయును. అది తగ్గినచో నమూనా అంతయు తగ్గినట్లే. నూలుగుడ్డను తడిపి ఆరవేసిన పిమ్మటనే కత్తెర పెట్టవలయును.

ఇక లెక్క. ఈ క్రింది యంకెలు దారి చూపుటకు మాత్రమే. మీ యింటి యంకెలు మీరు వేసికొనుడు. పనితనము గల రవిక యొకదానికి 600 రూపాయలు వచ్చినవనుకొందము. లైనింగు, దారములు, హుక్కులు 130. కరెంటును మిషను తరుగును 50. ఆటో బాడుగ 60. మిగిలినది 360. బొమ్మ గీయుటకు మూడు గంటలు, కొలత, కత్తిరింపు, కుట్టు, సవరణలకు ఆఱు గంటలు, వెరసి తొమ్మిది గంటలు. గంటకు 40 రూపాయలు. నాటు వేయ వచ్చినవారికి మనమిచ్చు కూలితో దీనిని పోల్చి చూడుడు. అదే బొమ్మను ఫైలుగా దాచి రెండవ రవికకు వాడినచో ఆఱు గంటలే పట్టును. గంటకు 60 రూపాయలు గిట్టును. కనుక గీసిన బొమ్మ విత్తనము వంటిది. దానిని ఊరక ఇచ్చివేసిన బాలిక విత్తనపు గింజలను ఇచ్చివేసినట్లే. క్రొత్త బొమ్మను లోకమునకు చూపకముందే 2000 సంవత్సరపు డిజైనుల చట్టము క్రింద నమోదు చేయించినచో పది యేండ్లును, పొడిగింపుతో మఱి యైదేండ్లును హక్కు నిలుచును.

ఒంటరి యింటికి ఇవన్నియు సాధ్యములు కావు. సంఘమున్నది అందులకే. 1959లో బొంబాయి గిర్‌గావ్‌లో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడములు ప్రారంభించిరి. అదియే లిజ్జత్ సంస్థ. తెలంగాణమున బడిపిల్లల యూనిఫారములు కుట్టు మహిళా సంఘములకు జతకు 50 రూపాయలుగా నున్న కూలిని 2024లో ప్రభుత్వము 75 చేసెను. ఒక్కొక్క స్త్రీ విడిగా అడిగియుండిన అది జరిగెడిదా?

కావున మా సూచనలు మూడు. మిషనుకును కంప్యూటరుకును ఇచ్చు అప్పు పనిచేయు స్త్రీ పేరననే యుండవలయును. సభ్యుల ఇండ్లలో గీసిన బొమ్మలకు పేరు, తేదీ, గీసినవారి సంతకముతో సంఘమున ఒక పుస్తకము నుంచవలయును. సంఘపు చీటీ లేక ఏ మచ్చును దుకాణమునకు పోరాదు. 2019లో ఉప్పల్‌లో వెలసిన శిల్పారామము వంటి చోట్ల విడివిడిగా గాక సంఘము పేర సరకు నమ్మజూపవలయును.

ఇందు వలన ప్రతి యిల్లును ధనికమగునని మేము చెప్పము. ఒకే వీధిలో పదిమంది ఒకే రకపు రవికలు కుట్టిన, ఊరంతయు టమాటా వేసినట్లే, ధర పడిపోవును. మఱియు కోడలు తొమ్మిది గంటలు కుట్టి, ఆపై వంటయు, నీళ్ళును, పశువుల పనియు తానే చేయవలసివచ్చిన ఆ రాబడి ఆమె ఒంటి నుండి తీసినదే యగును. మగవారు ఆ పనులలో పాలు పంచుకొనవలయును. ఈ మాట కొందఱికి రుచింపదని యెఱుగుదుము.

వచ్చే కారుకు ఎరువుల అప్పు కొఱకు సంఘమునకు వచ్చునపుడు ప్రతి సభ్యుడును తన యింటి కుట్టుపుస్తకమును వెంట తెచ్చుగాక. కొలతల ప్రక్కన గంటల గడి యొకటి గీయించుకొని తెచ్చుగాక. దానిని చూచిన పిమ్మట అది చేతిఖర్చో, ఇంటికి ఆధారమో మీరే నిర్ణయింపుడు.