ఆకలిగొన్నవాడికి అంతరాత్మ ఉండదా?

"బస్తా బియ్యం పడేస్తే వీళ్లు ఏ దేవుడికైనా మొక్కుతారండీ." మొన్న రాయపూర్ పక్కనున్న బీర్‌గావ్‌లో ఒక తెలుగు లేబర్ కాంట్రాక్టరు నలుగురి ముందు అన్న మాట ఇది. పక్కనున్నవాళ్లు తలలూపారు. ఉర్లా, సిల్తరా ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి, ఒంటికి పట్టిన నల్లదుమ్ము కడుక్కుని, ఆదివారం రేకుల షెడ్డులో ప్రార్థనకు కూర్చునే కూలీల గురించి ఆయన అన్నాడది. ఆయనొక్కడే అయితే పట్టించుకోకపోదును. టీకొట్టు నుంచి టీవీ చర్చ దాకా ఇప్పుడు ఇదే మాట. మతం మారిన పేదవాడు అమ్ముడుపోయినవాడేనట. ఇది అబద్ధం. అబద్ధమొక్కటే అయితే సరిపోయేది, పేదవాడికి కడుపే తప్ప మనసుండదనే పొగరు కూడా ఇందులో ఉంది.

ఛత్తీస్‌గఢ్‌లో బియ్యం గురించి మాట్లాడేముందు కాస్త ఆలోచించాలి. చౌక బియ్యం ఇచ్చినందుకు రమణ్ సింగ్‌ను ఇక్కడి జనం 'చావల్ వాలే బాబా' అని పిలుచుకున్నారు. మన దగ్గర 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకే కిలో బియ్యం ఇచ్చారు. ఆ బియ్యం తిన్నవాడి ఓటు చెల్లింది. అదే మనిషి విశ్వాసం మాత్రం ఎందుకు చెల్లదు?

'పాలపిండికీ గోధుమరవ్వకూ మారారు' అని మా ఒంగోలు పెద్దల్ని ఎగతాళి చేసేవాళ్లకు క్లౌ దొర సంగతి తెలియాలి. 1876-78 కరువులో జనం దారుల వెంట పడి చచ్చిపోతుంటే, మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమందికి కూలి దొరికింది, గంజి దొరికింది. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్లు ఎందరో. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని పదిహేను నెలలకు పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు పనులు ఆగిపోయి, పంచడానికి ఏమీ మిగలని రోజుల్లో జనం మళ్లీ వచ్చారు. గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావిలో చేద వేయనివ్వని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు ఎవరు ఏ బస్తా ఇచ్చారో ఆ కాంట్రాక్టరు చెప్పాలి.

ఇచ్చేది పోనివ్వండి, పోయేది లెక్కేయండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాలకు, మాదిగకు ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు, ముస్లింలకు తెరవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన ఎస్సీ పదిహేను శాతం కోటా వదులుకుని బీసీ-సిలో ఒక్క శాతానికి దిగుతాడు. బిడ్డ ఉద్యోగం పోతుందని తెలిసీ మారేవాణ్ని అమ్ముడుపోయాడనడానికి నోరెలా వస్తుంది?

చచ్చాక కూడా చెల్లించాల్సిందే. బస్తర్‌లోని ఛింద్‌వాడా గ్రామంలో 2025 జనవరి 7న ఒక పాస్టరు చనిపోతే ఊళ్లో పూడ్చనివ్వలేదు. శవం మూడు వారాలు జగదల్‌పూర్ మార్చురీలో ఉంది. కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలన్నారు జస్టిస్ నాగరత్న. కుదరదన్నారు జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ. చివరికి ఇరవై కిలోమీటర్ల అవతల కర్కపాల్ క్రైస్తవ శ్మశానం చూపించారు. అదే ఏడాది డిసెంబర్ 24న, మతమార్పిడులకు వ్యతిరేకంగా పిలిచిన బంద్ పేరుతో, రాయపూర్ మాగ్నెటో మాల్‌లో క్రిస్మస్ అలంకరణ పగలగొట్టారు. దుకాణంలో పెట్టిన బొమ్మ ఎవర్ని ప్రలోభపెట్టింది?

నాకు మా వాళ్ల మీదా కోపముంది. నూనె సీసాలు అమ్ముతూ, కానుక వేస్తే ప్రమోషన్ వస్తుందని టీవీలో కేకలేసే బోధకులు క్రీస్తును వ్యాపారంలో పెట్టారు. ఈ నిందకు నూనె పోస్తున్నది వాళ్లే. కూలివాడి జేబులో చెయ్యి పెట్టే బోధకుణ్ని సంఘమే గుమ్మం దాటించాలి. కానీ వాళ్ల పాపానికి షెడ్డులో కూర్చున్న కూలీని శిక్షించడం ఏం న్యాయం?

చట్టం ఉందిగా అంటారు. బలవంతపు మతమార్పిడిని నిషేధించే 1968 నాటి మధ్యప్రదేశ్ చట్టం రాష్ట్రం విడిపోయినప్పుడు ఇక్కడికీ వచ్చింది. ఈ గడ్డ మీద పుట్టిన స్టానిస్లాస్ కేసులోనే సుప్రీంకోర్టు 1977లో దాన్ని సమర్థించింది. బలవంతం తప్పంటే నేనూ ఒప్పుకుంటాను. మోసం తప్పంటే ఒప్పుకుంటాను. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టడమే ప్రలోభమని అనుమానిస్తే మాత్రం ఒప్పుకోను. అన్నం పెట్టకపోతే ఆ విశ్వాసానికి అర్థమే లేదు.

మరి ఏం చేయాలి? అనుమానమున్నవాళ్లు ఆదివారం వచ్చి ఆ కూలీనే అడగాలి, ఎందుకు నమ్మావని. అతని జవాబు పూర్తిగా వినాలి. పంచాయతీలు మాత్రం అంతదాకా ఆగక్కర్లేదు. ఏ ఊళ్లో పుట్టినవాడికి ఆ ఊరి శ్మశానంలో ఆరడుగుల నేల ఇప్పుడే రాసివ్వాలి.