తుపాకి మంచిదే కావచ్చు, బీరువా తాళం ఎవరి దగ్గర?

ఆడవాళ్ళ ధైర్యానికి మన ప్రభుత్వమే ఒకసారి రేటు కట్టింది. 1,22,360 రూపాయలు. 2014 జనవరిలో కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ 'నిర్భీక్' పేరుతో ఒక రివాల్వర్ విడుదల చేసింది, ప్రత్యేకంగా స్త్రీల కోసమంటూ. అరకిలో బరువు, టైటానియం కలిసిన లోహం, పాయింట్ 32 బోరు. హ్యాండ్‌బ్యాగులో ఇమిడిపోతుందన్నారు. నగలు పెట్టుకునే పెట్టెలాంటి మెరూన్ రంగు పెట్టెలో పెట్టి మరీ ఇచ్చారు! 2012 డిసెంబర్ 16 రాత్రి ఢిల్లీ బస్సులో అత్యాచారానికి గురై, ఆ తర్వాత ప్రాణం పోగొట్టుకున్న అమ్మాయిని పత్రికలు 'నిర్భయ' అన్నాయి. ఏడాది తిరిగేసరికి ఆ పేరు నీడ ఒక సరుకు మీద పడింది.

మణిపూర్‌లో తుపాకులకు భర్తల్ని పోగొట్టుకున్న స్త్రీలతో పనిచేసే బీనాలక్ష్మి నేప్రమ్ లాంటివాళ్ళు అప్పుడే అభ్యంతరం చెప్పారు. కానీ ఎక్కువగా వినిపించిన అభ్యంతరం అది కాదు. "అంత ఖరీదైతే ఎవరు కొంటారు? డబ్బున్న ఆడవాళ్ళకేనా రక్షణ?" అన్నదే. మన స్నేహితుల్లో కూడా కొందరు ఇదే వాదన చేస్తారు. చవగ్గా, నాణ్యంగా, నమ్మకంగా పేలే తుపాకి వస్తే పేద స్త్రీకీ న్యాయం జరుగుతుందని. వినడానికి వర్గ స్పృహ ఉన్న మాటలాగే ఉంటుంది. నా పేచీ ఈ మాటతోనే.

సాహిత్యంలో పిహెచ్.డి. చేసినదానికి తుపాకుల గొడవ ఎందుకని అడగొచ్చు. 'నాణ్యత', 'నమ్మకం' అనే మాటల్ని ఎవరు, ఎవరి తరఫున, ఏ అర్థంలో వాడుతున్నారో చూడటం నా పనే కదా. అందుకే ముందు ఆ మాటల్ని వాళ్ళ అర్థంలోనే తీసుకుని చూద్దాం.

చవక తుపాకి మంచిదో కాదో ఎలా తేలుస్తారు? మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటాతో ముందే పేల్చి చూస్తారు. గొట్టం తట్టుకుంటే ముద్ర వేస్తారు. మన 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం తయారీదారు పేరు, నంబరు లాంటి గుర్తులు లేని తుపాకిని అమ్మకూడదు. రివాల్వర్ అయితే తూటాల చక్రంలోని గది గొట్టానికి సూటిగా వచ్చి ఆగుతోందా, చేతిలోంచి జారి కింద పడితే దానంతటదే పేలుతుందా, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ పేలుతుందా అని చూస్తారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1999లో చేసిన చట్టంలో దీనికి లెక్క కూడా ఉంది. 600 తూటాలు పేల్చాలి. ఆరుసార్లకు మించి మొరాయించకూడదు. మీటరు ఎత్తు నుంచి కాంక్రీటు మీద పడేసినా పేలకూడదు.

ఆ చట్టం ఊరికే రాలేదు. లాస్ ఏంజిలిస్ చుట్టుపక్కల కొన్ని కంపెనీలు జింకు మిశ్రమ లోహాన్ని అచ్చుల్లో పోసి లక్షల కొద్దీ చవక పిస్తోళ్ళు చేసి అమ్మాయి. వాటిలో ఒక రకానికి, లోపలున్న తూటా తియ్యాలంటే ముందు సేఫ్టీ మీట తియ్యక తప్పదు. 1994లో కాలిఫోర్నియాలో ఒకరు అలా తూటా తియ్యబోతుండగా పేలి ఏడేళ్ళ పిల్లవాడు జీవితాంతం కదలలేని స్థితికి వచ్చాడు. 2003లో జ్యూరీ ఆ కంపెనీని కూడా బాధ్యురాల్ని చేసింది. ఆ దేశంలో వినియోగ వస్తువుల భద్రత చూడటానికి 1972లో ఒక కమిషన్ పెట్టారు. పిల్లల బొమ్మలు దాని కిందికి వస్తాయి, తుపాకులు రావు!

మన దగ్గర 'చవక' అంటే నాటు తుపాకి. దానికి ముద్రా లేదు, నంబరూ లేదు. లారీల స్టీరింగ్ రాడ్లనూ ఇనప గొట్టాలనూ కోసి చేస్తారు. ఎదుటివాడి మీద పేలుతుందో, పట్టుకున్న చేతిలోనే పగులుతుందో చెప్పలేం. కాబట్టి చవక తుపాకి ప్రమాదకరం, మంచి తుపాకి కావాలి అనే మాట ఇంతవరకూ సబబుగానే ఉంది. కానీ ఈ పరీక్షలన్నీ తుపాకికే. తుపాకి ఉండే ఇంటికి ఏ పరీక్షా లేదు.

మా సఖినేటిపల్లిలో ఒక పొదుపు సంఘం మీటింగులో నేనీ నిర్భీక్ సంగతి చెప్పాను. ధర విని అందరూ నవ్వారు. "పోనీ ఐదువేలకే ఇస్తే?" అనడిగాను. ఒక పెద్దావిడ అంది: "ఆయ్, తుపాకీ మంచిదేనండి అమ్మాయిగారూ. మరి ఇంట్లో ఎక్కడ పెడతామండి? బీరువాలోనే కదండి. ఆ బీరువా తాళాలు మా ఆయన మొలతాడుకుంటాయండి."

నేను చదివిన అధ్యయనాలన్నీ ఆ ఒక్క మాటను బలపరిచేవే. నిర్భయ ఘటన జరిగిన 2012లోనే దేశంలో 24,923 అత్యాచారం కేసులు నమోదయ్యాయని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. వాటిలో 24,470 కేసుల్లో నిందితుడు ఆ స్త్రీకి తెలిసినవాడే. నూటికి తొంభై ఎనిమిది! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్ళయిన స్త్రీలలో 29.3 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు. హ్యాండ్‌బ్యాగులో తుపాకి పెట్టుకుని చీకటి వీధిలో నడిచే స్త్రీ బొమ్మను మనకు అమ్ముతున్నారు. ఆ స్త్రీ ఇంటికి చేరి బ్యాగు కొక్కేనికి తగిలించాక ఏం జరుగుతుందో ఆ ప్రకటన చెప్పదు.

ఇంటింటా తుపాకి ఉన్న చోట ఏం జరుగుతుందో అమెరికా చూపిస్తోంది. ఇంట్లో తుపాకి ఉంటే ఆ ఇంట్లో హత్య జరిగే అవకాశం 2.7 రెట్లు ఉన్నట్టు 1993లో కెల్లర్‌మన్ బృందం తేల్చింది. 2022లో కాలిఫోర్నియా మీద వచ్చిన అధ్యయనం ఇంకా సూటిగా ఉంది. చేతి తుపాకి ఉన్న మనిషితో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు, జీవిత భాగస్వామి చేతిలో కాల్పులకు చనిపోయే రేటు ఏడు రెట్లు ఉంది. అలా చనిపోయిన వాళ్ళలో 84 శాతం స్త్రీలే. ఆ తుపాకులు నాసిరకం కాబట్టి వాళ్ళు చనిపోలేదు. అవి నమ్మకంగా పేలాయి కాబట్టి చనిపోయారు.

'ఆడవాళ్ళ తుపాకి' అన్న ఆలోచన కూడా మన దగ్గర పుట్టింది కాదు. 1989లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 'లేడీస్మిత్' పేరుతో స్త్రీల కోసం రివాల్వర్లు తెచ్చింది. మగవాళ్ళ మార్కెట్ నిండిపోతే ఆడవాళ్ళ భయం కొత్త మార్కెట్ అవుతుంది. పేరు ఆడవాళ్ళది, అధికారం వేరేవాళ్ళది అనడానికి మనకు దూరదేశాలు అక్కర్లేదు. 2004 జూన్‌లో హైదరాబాద్‌లో ఒక సినీ హీరో ఇంట్లో కాల్పులు జరిగినప్పుడు, ఆ రివాల్వర్ లైసెన్సు ఆయన భార్య పేరు మీద ఉందని పత్రికలు రాశాయి. పొలం పట్టాలో, రేషన్ డీలర్‌షిప్‌లో, సర్పంచ్ పదవిలో మనం రోజూ చూసే సంగతే కదా ఇది. తుపాకి లైసెన్సు ఒక్కటే మినహాయింపు ఎందుకవుతుంది?

మా ఊరి రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డు నరసాపురం. గోదావరికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో ఆడవాళ్ళు తరాలుగా లేసు అల్లుతున్నారు. వాళ్ళమీద మరియా మీస్ 1982లో రాసిన పుస్తకం మనలో చాలామంది చదివే ఉంటారు. ఇంటిపని అయ్యాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే పనిని 'ఖాళీ సమయంలో చేసే కాలక్షేపం' అన్నారనీ, వ్యాపారం మాత్రం మగవాళ్ళ చేతిలో ఉందనీ ఆమె చూపించింది. ఆ స్త్రీల చేతి పనిలో ఒక్క ముడి తప్పినా పట్టుకునే కళ్ళు ఉన్నాయి. వాళ్ళకి ఇచ్చే కూలిని, వాళ్ళు వెళ్ళే పోలీస్ స్టేషన్‌ని, వాళ్ళ ఇంటి మగవాడిని అంత పట్టుగా పరీక్షించే కళ్ళు లేవు. నాణ్యత తనిఖీ ఎప్పుడూ ఆడవాళ్ళ పనికే. చివరికి ఆత్మరక్షణ దగ్గర కూడా, తగిన తుపాకి ఎంచుకోలేదని, గురి తప్పిందని, సేఫ్టీ తియ్యడం మర్చిపోయిందని ఆమెనే అంటారు.

"తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు తుపాకులు పట్టలేదా?" అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. పట్టారు. మల్లు స్వరాజ్యం దళానికి నాయకత్వం వహించింది. ఆ తుపాకి ఆమె దుకాణంలో కొనుక్కున్నది కాదు. దాని వెనక దళం ఉంది, ఊరుంది, దొర గడీని కూల్చే రాజకీయం ఉంది. అయినా పోరాటం ఆగిపోయాక ఏమైంది? స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ స్త్రీలే చెప్పారు. తుపాకులు దించగానే ఇళ్ళకు వెళ్ళమన్నారని. అంత పెద్ద ఉద్యమం చేతికిచ్చిన తుపాకే ఇంటి లోపలి అధికారాన్ని మార్చలేకపోతే, మెరూన్ పెట్టెలో ఒంటరిగా వచ్చిన తుపాకి మారుస్తుందా?

ఒంటరిగా బతికే స్త్రీలు, బెదిరింపుల మధ్య పనిచేసే స్త్రీలు ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా చట్టప్రకారం లైసెన్సు తీసుకుని, 2016 నిబంధనలు అడిగే శిక్షణ పొంది, తుపాకి పెట్టుకుంటానంటే ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆమె నిర్ణయం వేరు, ప్రభుత్వ విధానం వేరు. పౌరురాలిని కాపాడవలసిన రాజ్యం, ఆ పని మానేసి ఆమెకు తుపాకి అమ్మితే, అది తన వైఫల్యానికి బిల్లు వేసి ఆమె చేతిలో పెట్టడమే. 2021 అక్టోబర్‌లో ఆర్డ్‌నెన్స్ బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడగొట్టారు. కంపెనీ అన్నాక అమ్మకాలు పెరగాలి. రేపు చవక నిర్భీక్ వస్తే నేను ఆశ్చర్యపోను. అప్పుడు మనలో ఎవరూ దాన్ని పేద స్త్రీల విజయంగా లెక్కవేయకూడదనే ఇప్పుడే రాస్తున్నాను.

మరి మనం అడగవలసిందేమిటి? 1989 డిసెంబర్ 6న మాంట్రియల్‌లోని ఇంజనీరింగ్ కాలేజీలో ఒకడు స్త్రీవాదుల మీద ద్వేషంతో 14 మంది స్త్రీలను కాల్చి చంపాడు. ఆ తర్వాత కెనడా స్త్రీలు తమకూ తుపాకులు ఇమ్మని అడగలేదు. పోరాడి 1995లో కొత్త చట్టం తెచ్చుకున్నారు. అక్కడ తుపాకి లైసెన్సు కోసం దరఖాస్తు చేసే మనిషి తన జీవిత భాగస్వామి సంతకం పెట్టించాలి. సంతకం లేకపోతే అధికారులే ఆమెకు ఆ సంగతి తెలియజేస్తారు. రెండేళ్ళ లోపు విడిపోయిన భాగస్వామికి కూడా తెలియాలి. మన ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు మీద పోలీసు నివేదిక తెప్పించుకుంటారు. ఆ నివేదిక కోసం భార్యను విడిగా, భర్త ఎదుట లేకుండా అడిగి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు.

ముందు అది రాయించుకుందాం. గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు వచ్చిన రోజే ఆ మగవాడి లైసెన్సు, తుపాకి రెండూ స్వాధీనం చేసుకోవాలని అడుగుదాం. మన మహిళా సంఘాలు, విశ్వవిద్యాలయాల్లోని స్త్రీ అధ్యయన కేంద్రాలు కలిసి ఈ రెండు సవరణలూ రాసి, సంతకాలు పెట్టి, కేంద్ర హోం శాఖకు పంపవచ్చు. దీనికి టైటానియం అక్కర్లేదు, లక్షలు అక్కర్లేదు. దరఖాస్తు ఫారంలో ఇంకొక గడి కావాలి. అందులో ఆమె జవాబు ఉండాలి.