పరీక్షలు ఓర్వకల్లులో... కొలువులు హైదరాబాదులో!

కర్నూలు: ఓర్వకల్లు మండలం పాలకొలను పరిసరాల్లోని డీఆర్‌డీఓ పరీక్షా క్షేత్రం జిల్లా పేరును దేశమంతటా వినిపింపజేసింది. 2025 ఏప్రిల్‌ 13న లేజరు ఆయుధంతో డ్రోన్లను కూల్చింది ఇక్కడే. అదే ఏడాది జులైలో డ్రోను నుంచి ప్రయోగించే క్షిపణిని పరీక్షించిందీ ఇక్కడే. అయితే ఆ లేజరు రూపుదిద్దుకున్నది హైదరాబాదులో. క్షిపణులకు ప్రాణాధారమైన టైటానియం, మారేజింగ్‌ ఉక్కును అందించే మిధాని సంస్థ 1973 నుంచి ఉన్నదీ అక్కడే. నేల మనది, ఉపాధి అక్కడిది.

ఈ అంతరం తగ్గే అవకాశం ఇప్పుడు వచ్చింది. 2024 ఆగస్టులో కేంద్రం ఓర్వకల్లులో 2,621 ఎకరాల్లో రూ.2,786 కోట్లతో, కడప జిల్లా కొప్పర్తిలో 2,596 ఎకరాల్లో రూ.2,137 కోట్లతో పారిశ్రామిక కేంద్రాలకు ఆమోదం తెలిపింది. 2025 అక్టోబరు 16న శంకుస్థాపన జరిగింది.

శిలాఫలకాలతోనే కొలువులు రావు. విమానాలు, డ్రోన్లలో అల్యూమినియం స్థానాన్ని కార్బన్‌ ఫైబర్‌ మిశ్రమ పదార్థాలు ఆక్రమిస్తున్నాయి. టైటానియం బాగా వేడెక్కితే గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని పెళుసుబారుతుంది. కనుక ఆర్గాన్‌ వాయువు రక్షణలోనే దానిని అతకాలి. సాధారణ వెల్డింగు శిక్షణతో ఈ విద్య అబ్బదు. కర్మాగారాల కన్నా ముందే ఐటీఐలు, పాలిటెక్నిక్‌లలో ఈ కోర్సులు రావాలి. లేనిపక్షంలో నిపుణులు వెలుపలి నుంచే వస్తారు. కోసిగి, ఆదోని ప్రాంతాల యువత గుంటూరు మిరప కోతలకు వలస వెళ్లక తప్పదు.