బిరుదు కుక్కదా, గురువుదా?

మన దేశంలో బిరుదు సంపాదించుకోవటం మనుషులకు తేలిక, కుక్కలకు కష్టం. మనుషులకైతే ఒక సభ, ఒక శాలువా, నలుగురు మిత్రులు వుంటే చాలు. మర్నాటికల్లా పేరు పక్కన ఏదో ఒక 'రత్న' వచ్చి కూర్చుంటుంది. కుక్కకు ఆ సౌకర్యం లేదు. అది మైదానంలో దిగి, ముక్కూ మొహమూ తెలియని న్యాయనిర్ణేత ఎదుట పని చేసి చూపించాలి. శ్రీనాథుడంతటివాడు గౌడడిండిమభట్టును వాదంలో ఓడించి, ఆయన కంచుఢక్కను పగలగొట్టించిన తరవాతగాని కవిసార్వభౌముడు కాలేదని చెప్పుకుంటాం. ఆ పాతకాలపు పద్ధతి మనుషుల్లో పోయి కుక్కల్లో మిగిలింది!

ఈ ప్రస్తావన ఎందుకంటే, ఇప్పుడు మధ్యతరగతి ఇళ్ళలో కూడా మేలుజాతి కుక్కపిల్లలు కనిపిస్తున్నాయి. పూర్వం వాకిట్లో పడివుండే గ్రామసింహానికి ఇంత చద్దెన్నం పెడితే చాలు, వీధికంతటికీ కావలి కాసేది. ఇవాళ జర్మన్ షెపర్డు పిల్లను (మన పెద్దలు ఆల్సేషియన్ అనేవారు) వేలు పోసి తెచ్చుకుని, "దీనికి శిక్షణ ఇప్పించి ఏదైనా టైటిల్ తెప్పించాలండీ, మంచి ట్రైనరు ఎవరైనా వున్నారా?" అని అడిగేవారు మా తిరుమలాయపాలెంలోనూ వున్నారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి కుక్కల సంగతి ఎందుకంటారేమో! గురువును ఎంచుకోవటమన్నది మాత్రం మా పాఠాల్లోని విషయమే.

ముందు ఆ టైటిల్ ఏమిటో చూద్దాం. 1899లో జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే సైనికాధికారి ఈ షెపర్డు జాతి కోసం ఒక సంఘం స్థాపించాడు. కుక్కకు అందం వుంటే చాలదు, పనికి రావాలి అన్నది ఆయన పట్టుదల. 1901లో మొదటి పరీక్ష పెట్టారు. దానికి 'షుట్జ్‌హుండ్' అని పేరు. అంటే రక్షక శునకం అని అర్థం. అదే పేర్లు మారుతూ వచ్చి, 2019 నించి 'ఐ.జి.పి.' అయింది. పోలీసు పెద్దాఫీసరు అనుకునేరు! దాన్ని నడిపే అంతర్జాతీయ సంస్థ పేరు ఎఫ్.సి.ఐ. ఇది బియ్యం గోదాముల ఎఫ్.సి.ఐ. కాదు, బెల్జియంలో వున్న శునక సంఘాల సమాఖ్య. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాకు దానితో సంబంధం వుంది.

పరీక్షలో మూడు భాగాలు. వాసన పట్టి జాడ తియ్యటం ఒకటి, చెప్పిన మాట వినటం రెండు, రక్షణ మూడు. ఒక్కొక్క దానికి 100 మార్కులు. ప్రతి దానిలోనూ 70 రావాలి. ఒక దానిలో 95 తెచ్చుకుని ఇంకొక దానిలో 65 దగ్గర ఆగితే తప్పినట్టే. రక్షణ పరీక్షలో దుండగుడి వేషం వేసిన మనిషి చేతికి దళసరి తొడుగు వేసుకుని వస్తాడు. కుక్క ఆ తొడుగునే పట్టాలి. వదలమన్న క్షణాన వదలాలి. పట్టటానికి కుక్కను పుట్టించిన దేవుడే నేర్పాడు. వదలటం మాత్రం గురువే నేర్పాలి.

ఇందులో మూడు తరగతులున్నాయి. మొదటి తరగతి పరీక్షకు కూచోవాలంటేనే కుక్కకు పద్దెనిమిది నెలలు నిండాలి. కనక ఆరు నెలల పిల్లను చూసి, "మూడు నెలలు నాదగ్గర వదిలెయ్యండి, టైటిల్‌తో సహా అప్పజెప్తాను" అనే పెద్దమనిషి ఎదురైతే, నమస్కారం చేసి ఇంటికి వచ్చెయ్యండి.

ఇదంతా వేడుక కోసమేనా అని అడగవచ్చు. ఖమ్మం నించి కొత్తగూడెం మీదుగా భద్రాచలం దారి పడితే, చేలు పలచబడి అడవి చిక్కబడుతుంది. భద్రాచలం దాటి గోదావరి వెంబడి చర్ల, వెంకటాపురం వైపు వెళితే ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో కర్రెగుట్టలు వస్తాయి. 2025 ఏప్రిల్‌లో ఆ గుట్టల్లో భద్రతాదళాలు మావోయిస్టుల కోసం గాలింపు జరిపినప్పుడు, సి.ఆర్.పి.ఎఫ్.వారి వెంట 'రోలో' అనే రెండేళ్ళ జాగిలం వుంది. బెల్జియన్ మాలినాయిస్ జాతి. బెంగళూరు దగ్గర తరలులో సి.ఆర్.పి.ఎఫ్.వారికున్న శునక శిక్షణాలయంలో చదువుకుంది. మందుపాతరల వాసన పట్టటం దాని పని. ఏప్రిల్ 27న తేనెటీగల గుంపు మీద పడింది. వెంట వున్నవారు దానిమీద పాలిథీన్ పట్ట కప్పినా లాభం లేకపోయింది. సుమారు రెండువందల ఈగలు కుట్టాయి. రోలో బతకలేదు. మరణానంతరం ప్రశంసా పతకం ఇచ్చారు. అటువంటి కుక్క ముందు నడుస్తుంటే, అది ముక్కు పెట్టి 'ఇక్కడేమీ లేదు' అన్నచోట వెనక వచ్చే కుర్రవాళ్ళు కాలు పెడతారు. అక్కడ శిక్షణలో లోపం వుంటే తగ్గేవి మార్కులు కావు, ప్రాణాలు.

మన ఇంటి కుక్కకు అంత పని పడదు. అయినా అక్కడివారి పద్ధతి ఒకటి మనం నేర్చుకోదగ్గది. హైదరాబాదు దగ్గర మొయినాబాదులో తెలంగాణ పోలీసుల శిక్షణాలయం వుంది. జాగిలాలకు అక్కడ ఎనిమిది నెలల చదువు. కుక్క ఒక్కటే వెళ్ళి చదువుకుని రాదు. రేపు దానితో పనిచెయ్యబోయే పోలీసు కూడా దాని పక్కనే చదువుకుంటాడు. పట్టా ఇద్దరికీ కలిపి. మనమో, పిల్లను ఎవరికో అప్పజెప్పి, హాస్టల్లో చేర్చిన కుర్రవాడిలాగా చదువు పూర్తయ్యాక తెచ్చుకుందామనుకుంటాం. అది వచ్చి, ఆయన మాట వింటుంది, మన మాట వినదు. తప్పు కుక్కదేనా?

అందుచేత శిక్షకుణ్ణి అడగవలసిన మొదటి ప్రశ్న 'నా కుక్కకు ఏం నేర్పుతారు?' అని కాదు. 'నాకేం నేర్పుతారు? వారానికి ఎన్నిసార్లు నన్ను మైదానానికి రమ్మంటారు?' అని అడగండి. రానక్కరలేదన్నవాడి దగ్గరికి కుక్కను కూడా పంపనక్కరలేదు.

రెండోది, ఆయన తయారుచేసిన కుక్కలకు బిరుదులు ఎవరిచ్చారో కనుక్కోండి. పాఠం చెప్పినవాడే ప్రశ్నపత్రం రాసి, తనే దిద్ది, తనే పట్టా ముద్రిస్తే ఆ పట్టా విలువ ఏపాటిదో కాలేజీలో వున్నవాళ్ళకు తెలుసు. బయటి న్యాయనిర్ణేత పేరు, తేదీ, మార్కుల పుస్తకం వుండాలి. ఆ కుక్కల యజమానులతో కూడా నాలుగు మాటలు మాట్లాడండి.

మూడోది, చెప్పకుండా ఒక తెల్లవారుజామున వెళ్ళి చూడండి. మన ఎండల్లో బుద్ధున్న శిక్షకుడు పొద్దెక్కాక కుక్కను పరుగెత్తించడు. నీళ్ళు, నీడ, టీకాల కాగితాలు వున్నాయో లేదో చూడండి. ఒకదానికి పార్వో వస్తే పక్కదాన్నీ వదలదు. శిక్షకుడు రాగానే కుక్కలు తోక ఎక్కడ పెట్టుకుంటున్నాయో చూడండి. కాళ్ళమధ్య దాచుకుంటే ఇక విచారణ అక్కరలేదు. 2020లో పోర్చుగల్ పరిశోధకులు 92 పెంపుడు కుక్కలను పరిశీలించారు. దండించి నేర్పే బడుల్లోని కుక్కల్లో ఆందోళన చిహ్నాలు హెచ్చుగా వున్నాయని, లాలాజలంలో ఆందోళనను సూచించే కార్టిసాల్ కూడా పెరిగిందని తేల్చారు. మన భారతం మొదట్లోనే సరమ అనే దేవశునకం వచ్చి, తప్పు చెయ్యని తన బిడ్డను కొట్టారని జనమేజయుడి ఎదుట మొరపెట్టుకుంది. ఇవాళ సరమ రానక్కరలేదు, జంతుహింస నిరోధక చట్టం 1960 నించీ వుంది.

నాలుగోది కాస్త సూక్ష్మం. వాసన పట్టే విద్య నేర్పేవాణ్ణి, "వస్తువు ఎక్కడ దాచారో మీకు కూడా తెలియకుండా పరీక్షిస్తారా?" అని అడగండి. బెర్లిన్‌లో 'హాన్స్' అనే గుర్రం కూడికలు తీసివేతలు చేసి, జవాబును గిట్టతో తట్టి చెప్పేది. లోకమంతా నోరు తెరిచింది. ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు అసలు సంగతి 1907లో ప్రచురించాడు. అడిగేవాడికి జవాబు తెలిస్తేనే గుర్రానికీ తెలిసేది! సరైన సంఖ్య రాగానే అడిగేవాడి తల లవలేశం కదిలేది, గుర్రం అది పసిగట్టి ఆగిపోయేది. యజమాని మోసగాడు కాదు, ఆయనకే ఆ సంగతి తెలియదు. కుక్క గుర్రంకంటె గడుసుది, మన మొహాన్ని రోజంతా చదువుతుంటుంది.

ఐదోది, 'మీ కుక్క దీనికి పనికిరాదు' అని చెప్పగల ధైర్యం ఆయనకుందా? పెద్ద చప్పుడుకు వణికే కుక్కను రక్షణ పరీక్షకు లాక్కుపోవటం, ఇంజనీరింగు ఇష్టంలేని పిల్లవాణ్ణి కోచింగులో వెయ్యటంవంటిదే. అలాగని సీమజాతికే చదువు వస్తుందనుకోకండి. 2024లో లక్నోలో జరిగిన అఖిల భారత పోలీసు పోటీల్లో బి.ఎస్.ఎఫ్.వారి 'రియా' అనే ముధోల్ కుక్క విదేశీ జాతులను వెనక్కి నెట్టి మొదటి బహుమతి కొట్టింది. ముధోల్ మన పొరుగు కన్నడదేశపు వూరు!

అడవి అంచున వున్నవాళ్ళకు ఇంకొక మాట. పందినో కుందేలునో పట్టటం నేర్పుతానని ఎవరైనా అంటే దగ్గరికి రానివ్వకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. కుక్కకు తెలియదు, జైలుకు వెళ్ళేది మీరు.

చివరికి రుసుము. ఎంత, ఎన్ని నెలలకు, పరీక్ష తప్పితే ఏమిటి అన్నది ముందే కాగితంమీద పెట్టించుకోండి. ఏకలవ్యుడు గురుదక్షిణ ఎంతో ముందుగా అడగకపోవటంవల్లనే గదా బొటనవేలు పోయింది! ఆ కథలో ఒక కుక్క కూడా వుంది. అడవిలో కొత్త మనిషిని చూసి మొరిగింది, అంటే తన పని తాను చేసింది. దాని నోట ఏడు బాణాలు పడ్డాయి. అర్జునుడు తన బిరుదుకు దెబ్బ తగిలిందని బాధపడ్డాడు, ద్రోణుడు తన మాట పోతుందని బాధపడ్డాడు. కుక్క సంగతి ఎవరూ అడగలేదు.

ఏకలవ్యుడికి మట్టిబొమ్మ గురువుగా సరిపోయింది. కుక్కకు మాత్రం మనిషే కావాలి, అతను మంచివాడైవుండాలి. అటువంటివాడు దొరికితే బిరుదు నేడో రేపో వస్తుంది, రాకపోయినా నష్టం లేదు. గోడమీద పటం కట్టిన యోగ్యతాపత్రాన్ని చూసి ఏ కుక్కా తోక ఆడించదు. మీరు గేటు తీసుకుని లోపలికి వస్తే ఆడిస్తుంది.