అద్దెదారు అంటే ఎవరు?



కొత్త చట్టం అనగానే మనం ముందు చూసేది అంకె. ఎన్ని బిలియన్లు, ఎంతమందికి, ఎప్పటినుంచి? పత్రికలు అదే రాస్తాయి, మన చర్చలూ అక్కడే తిరుగుతాయి. నిర్వచనాల సెక్షన్ రాగానే పేజీ తిప్పేస్తాం. కానీ ఆ డబ్బు ఎవరి గుమ్మం ఎక్కాలో, ఎవరి గుమ్మం దగ్గర ఆగిపోవాలో తేల్చేది ఆ సెక్షనే. కోవిడ్ కాలంలో అమెరికా ప్రభుత్వం నడిపిన అత్యవసర అద్దె సహాయ పథకం ఇందుకు మంచి ఉదాహరణ.

ఆ పథకం రెండు విడతల్లో వచ్చింది. 2020 డిసెంబర్ 27 నాటి చట్టం 25 బిలియన్ డాలర్లు ఇచ్చింది. 2021 మార్చి 11న వచ్చిన అమెరికన్ రెస్క్యూ ప్లాన్ మరో 21.55 బిలియన్లు కలిపింది. డబ్బు ట్రెజరీ శాఖది, పంచే పని రాష్ట్రాలది, కౌంటీలది, నగరాలది. రెండో విడత గడువు కూడా 2025 సెప్టెంబర్ 30తో తీరిపోయింది. అయిపోయిన పెళ్ళికి బాజాలెందుకు అంటారా? రేపు ఇంకో ఆపద వస్తే, చట్టం రాసేవాళ్ళు ముందుగా తీసి చూసేది ఈ పాత కాగితాన్నే.

మొదటి చట్టం ప్రకారం అర్హులెవరు? నివాసానికి అద్దె కట్టవలసిన బాధ్యత ఉన్నవాళ్ళు. వాళ్ళలో ఒక్కరైనా నిరుద్యోగ భృతికి అర్హత పొంది ఉండాలి, లేదా కోవిడ్ వల్ల ప్రత్యక్షంగానో పరోక్షంగానో ఆదాయం తగ్గడమో, ఖర్చులు మీద పడడమో జరిగి ఉండాలి. ఇల్లు పోయే ప్రమాదం ఉండాలి. ఇంటి ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం దాటకూడదు.

ఇందులో ఒక్కో మాట వెనుక ఎంత కథ ఉందో చూడండి. "పరోక్షంగా" అన్న మాట లేకపోతే, జబ్బు పడనివాడు, ఉద్యోగం ఊడకపోయినా గంటలు తగ్గినవాడు తన కష్టానికి కోవిడే కారణమని నిరూపించుకోలేక అల్లాడేవాడు. రెండో చట్టం ఇంకో అడుగు వేసి, కోవిడ్ "వల్ల" కాకపోయినా కోవిడ్ "కాలంలో" వచ్చిన కష్టమైనా చాలునంది. ఒక్క మాట మారితే తలుపు అంత వెడల్పయింది.

అయితే మాట ఒక్కటే చాలదు, దాన్ని రుజువు చేసే పద్ధతి కూడా కావాలి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో డబుల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో నలుగురు తెలుగు విద్యార్థులు ఉంటారు. లీజు మీద ఉండేది ఒకరిద్దరి పేర్లే. మిగతావాళ్ళు నెలనెలా స్నేహితుడికి డబ్బు పంపుతారు. వాళ్ళు అద్దెదారులా, కాదా? నలుగురి ఆదాయం కలిపి చూడాలా, ఎవరిది వారిదా? ఇలాంటి ప్రశ్నలకు కాగితాలు అడుగుతూ కూర్చుంటే ఏమవుతుందో 2021 వేసవిలో చూశాం. జూలై నెలాఖరుకు 46 బిలియన్లకు పైగా నిధిలో ఖర్చయింది సుమారు 5 బిలియన్లు. లీజు లేనివాళ్ళు, ఆదాయ పత్రాలు చూపలేనివాళ్ళు రాతపూర్వకంగా స్వయంగా ధ్రువీకరిస్తే చాలునని ట్రెజరీ ఆగస్టు 25న మరింత గట్టిగా చెప్పింది. ఆ మర్నాడే, ఆగస్టు 26న, ఇళ్ళు ఖాళీ చేయించడంపై ఉన్న జాతీయ నిషేధాన్ని సుప్రీంకోర్టు నిలిపేసింది.

స్వీయ ధ్రువీకరణ మోసానికి తలుపు తీయడమేనని కొందరంటారు. అది కొట్టిపారేయదగిన మాట కాదు. అబద్ధాలు రాసి డబ్బు తీసుకున్నవాళ్ళ మీద కేసులూ నడిచాయి. కానీ తప్పుగా ఇచ్చిన డబ్బును తర్వాతయినా రాబట్టవచ్చు. సామాను రోడ్డు మీద పడ్డ కుటుంబానికి తర్వాత ఏమిచ్చినా ఆ రోజు తిరిగిరాదు. తూకం ఎటు మొగ్గాలో నాకు సందేహం లేదు.

ఇక మనకు బాగా దగ్గరి విషయం. ఆ చట్టంలో వీసా గురించిన షరతు లేదు. మరోవైపు 1996 నాటి సంక్షేమ సంస్కరణల చట్టం, ఫెడరల్ ప్రయోజనాలను కొన్ని తరగతుల విదేశీయులకే పరిమితం చేసింది. ఆ తరగతుల్లో హెచ్-1బి లేదు, ఎఫ్-1 లేదు. రెంటినీ కలిపి ఎలా చదవాలన్నది చాలావరకు స్థానిక అధికారులకే మిగిలింది. పన్నులు కడుతూ, అద్దె కడుతూ ఏళ్ళ తరబడి ఇక్కడే ఉన్నవాళ్ళం ఒక నిర్వచనంలో ఉంటాం, పక్క నిర్వచనంలో ఉండం. అర్హత ఉండి కూడా, గ్రీన్ కార్డుకు అడ్డవుతుందేమోనన్న భయంతో అడగనివాళ్ళూ ఉన్నారు. మనలో ఇళ్ళు కొని అద్దెకిచ్చినవాళ్ళూ తక్కువేమీ కాదు. చివరికి ఆ సాయం చేరేది యజమానికే కాబట్టి, ఇది రెండు వైపులవాళ్ళ సమస్య.

ఈ కథ మనకు కొత్తదా? 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు రైతు అంటే పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడే. భూమి కౌలుకు తీసుకుని, అప్పు చేసి, పంట పండించేవాడు ఆ మాటలోకి రాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లోనే కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం ఉన్నా, సాయం మాత్రం పాసుపుస్తకం వెంటే నడిచింది. కౌలుదారుడూ అద్దెదారుడూ ఒకే కష్టంలో ఉన్నవాళ్ళు. ఉన్నది ఒకచోట, కాగితం ఇంకొకరి పేర.

అందుకే నా మనవి ఒక్కటే. మన మహాసభలకు నాయకుల్ని పిలుస్తాం, శాలువాలు కప్పుతాం, ఫోటోలు దిగుతాం. మంచిదే. ప్రతి సంఘంలో నలుగురైదుగురు కూర్చుని, ముసాయిదా బిల్లులో, నియమాల్లో నిర్వచనాలు చదివే ఏర్పాటు కూడా చేసుకుందాం. మనలో న్యాయవాదులున్నారు, కాంట్రాక్టుల్లో కామా కూడా వదలకుండా చదివే ఇంజనీర్లున్నారు. ఫెడరల్ శాఖలు నియమాలను ప్రతిపాదించి ప్రజాభిప్రాయం కోరినప్పుడు రాయడానికి పౌరసత్వం అక్కర్లేదు, ఓటూ అక్కర్లేదు. ఈసారి ఎవరైనా ఒక పథకం గురించి గొప్పగా చెప్పినప్పుడు, ఎంత డబ్బు అని కాదు, ఎవరికి అని అడగండి. ఆ "ఎవరికి" ఏ పేజీలో రాసి ఉందో చూపించమనండి.