చక్రానికి తాళం సరే... దొంగ టైరు కొనేవారి మాటేమిటి?

ఇచ్చోడ : రాత్రి రోడ్డు పక్కన నిలిపిన బండి తెల్లవారేసరికి చక్రాలు లేక రాళ్ల మీద కనిపిస్తే యజమానికి కలిగే నష్టం టైర్లతో ఆగదు. ఆ రోజు కిరాయి పోతుంది. పత్తి వేసుకుపోవలసిన రైతు మరో బండి మాట్లాడుకుంటాడు. ఫైనాన్సు వాయిదా మాత్రం ఆగదు. కనుక చక్రాల రక్షణ కారున్న కలవారి ముచ్చట మాత్రమే కాదు. ఒక్క బండిని నమ్ముకొని బతికే కుటుంబాల సమస్య కూడా.

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నెంబరు జాతీయ రహదారి ఇచ్చోడ మీదుగా వెళుతున్నది. 2010లో నెంబర్లు మార్చకముందు ఇది 7వ నెంబరు రహదారి. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే మహారాష్ట్ర వస్తుంది. ఊడదీసిన చక్రం తెల్లవారేలోగా రాష్ట్రం దాటడం కష్టం కాదు.

నట్టు చేసే పని

మామూలు నట్లను ఏ పానాతోనైనా విప్పవచ్చు. జాకీ ఉంటే కొద్ది నిమిషాల పని. తాళపు నట్టు తల ఆకారం వేరుగా ఉంటుంది. దానికి సరిపడే ప్రత్యేక సాకెట్టు ఉంటేనే విప్పడం వీలవుతుంది. ఒక్కో చక్రానికి ఒక మామూలు నట్టు తీసి దీనిని బిగిస్తే చాలు.

అయితే మర సైజు, నట్టు కూర్చునే భాగం ఆకారం చక్రానికి సరిపోవాలి. లేకుంటే దొంగ భయం పోయి, నడుస్తుండగా చక్రం ఊడే భయం పట్టుకుంటుంది. గాలి గన్నుతో బిగిస్తే నట్టు తల చెడుతుంది. చేతి పానాతోనే బిగించాలి. సాకెట్టు బండిలో లేకుంటే దారిలో పంక్చరైనప్పుడు యజమానికీ చక్రం ఊడిరాదు. ముదిరిన దొంగ దీనిని కూడా విప్పగలడు. కాని ఆలస్యమవుతుంది, చప్పుడవుతుంది. దొంగకు గిట్టనివి ఈ రెండే. లారీల కింద వేలాడే స్టెప్నీకి గొలుసు, తాళం వేయడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనికివస్తుంది.

బీమా, చట్టం

బీమా ఉన్నదన్న ధీమా చాలామందికి ఉంటుంది. కాని సరుకు రవాణా వాహనాల పాలసీల్లో సాధారణంగా బండి పూర్తిగా నష్టపోతే తప్ప టైర్లు, ట్యూబులకు పరిహారం రాదు. అదనపు ప్రీమియం కడితేనే ఈ మినహాయింపు తొలగుతుంది. పాలసీ తీసుకొనేటప్పుడే ఈ సంగతి అడగాలి.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ విధించవచ్చు. మొదటిసారి పట్టుబడినవాడు 5,000 రూపాయల లోపు సొత్తును తిరిగి ఇచ్చివేస్తే సమాజ సేవతో బయటపడతాడు. సరుకులు, ప్రయాణికులను చేరవేసే వాహనం నుంచి వస్తువును దొంగిలిస్తే 305వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. కనుక బండి దేనికి నడుపుతున్నదీ, టైరు విలువ ఎంతన్నదీ ఫిర్యాదులో స్పష్టంగా రాయించాలి. విలువ చెప్పడానికి కొన్న రశీదు కావాలి. ఘటన ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు చేయవచ్చు.

అసలు కిటుకు

ఊడదీసిన చక్రాన్ని దొంగ ఇంట్లో దాచుకోడు. అమ్ముకుంటాడు. సగం ధరకు, రశీదు లేకుండా వస్తున్న టైరును ఎవరిదని అడగకుండా కొనేవారున్నంత కాలం నట్లు ఎన్ని మార్చినా ఫలితం అంతంత మాత్రమే. దొంగ సొత్తని తెలిసి కొన్నవారికీ 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. టైరుపై ఉన్న సీరియల్ నెంబరును యజమాని పుస్తకంలో రాసుకోవాలి. బండి నెంబరును టైరుపై కాల్చి వేయిస్తే దానిని అమ్మడం కష్టం. పాత టైర్లు కొనే దుకాణాల్లో అమ్మినవారి పేరు, టైరు నెంబరు రాసే రిజిస్టరు పెట్టించాలి. ఇందుకు పెద్ద ఖర్చు లేదు.

బండ్లు నిలిపే చోట్ల దీపాలు వేయించడం, రాత్రి గస్తీ పెంచడం అధికారుల బాధ్యత. రహదారిపై ఆపద వస్తే 1033కు, పోలీసుల కోసం 112కు ఫోన్ చేయవచ్చు. తాళం బండికి వేయడం యజమాని వంతు. దొంగ బేరానికి తాళం వేయడం మాత్రం పోలీసులు, వ్యాపారులు కలిసి చేయవలసిన పని.