బుజ్జి మెడ మీద బరువు

పొద్దున్నే కాలనీ రోడ్ల మీద నడిచే చిన్న కుక్కల్లో చాలావాటికి ఇప్పటికీ మెడ బెల్టే కనిపిస్తుంది. కుక్క ముందుకు దూకుతుంది, యజమాని వెనక్కి గుంజుతాడు, అది గొంతు పట్టేసినట్టు దగ్గి మళ్లీ దూకుతుంది. ఆ దగ్గును మనం అల్లరి కింద జమకట్టేస్తాం. అది అల్లరి కాదు, నొప్పి.

కుక్క శ్వాసనాళం మూసుకుపోకుండా తెరుచుకుని ఉండేది మృదులాస్థి వలయాల బలం మీదే. పమేరియన్, యార్క్‌షైర్ టెర్రియర్, చివావా, టాయ్ పూడుల్ వంటి చిన్న జాతుల్లో ఆ వలయాలు మెత్తబడి నాళం నొక్కుకుపోయే జబ్బు ఎక్కువ. అలాంటి కుక్క బాతు అరిచినట్టు పొడిగా దగ్గుతుంది. మెడ బెల్టు ఉన్న బాధను లాగిన ప్రతిసారీ పెంచుతుంది. పగ్‌ది ఇంకో ఇబ్బంది. దాని కళ్లు లోతులేని గుంటల్లో బయటికి ఉబికి ఉంటాయి. మెడ బెల్టుకు తాడు కట్టి లాగితే కుక్కల కంట్లో ఒత్తిడి పెరుగుతోందనీ, ఛాతీకి తొడిగే పట్టీల హార్నెస్‌తో అలా జరగడం లేదనీ 2006లో వెలువడిన ఒక పశువైద్య పరిశోధన తేల్చింది. పట్టు మెడ నుంచి ఛాతీకి మారాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

అయితే హార్నెస్ కొన్నంత మాత్రాన పని అయిపోదు. సరిపోని హార్నెస్ బెల్టు కంటే ప్రమాదం కావచ్చు. మన ఊళ్లలో పామ్ అని పిలుచుకునే తెల్ల కుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. ‘ప్రేమాలయం’ సినిమాలోని టఫీ ఆ జాతిదే. వాటి బొచ్చు కొలతను తప్పుదారి పట్టిస్తుంది. బొచ్చు పక్కకు తీసి, ముందుకాళ్లకు కాస్త వెనక, ఛాతీ బాగా విశాలంగా ఉన్నచోట టేపు చుట్టాలి. తొడిగాక పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, అంతకుమించి వదులు ఉండకూడదు. ముందువైపు పట్టీలు మెడకు రెండు పక్కల నుంచీ దిగి, రొమ్ము ఎముక దగ్గర ఇంగ్లిషు వై అక్షరంలా కలిసి కాళ్ల మధ్యగా పోవాలి. భుజాలకు అడ్డంగా సాగే పట్టీ చూడ్డానికి బాగున్నా అడుగు సాగనివ్వదు. చంకల్లో ఒరుసుకుంటే రెండు మూడు నడకల్లోనే చర్మం ఎర్రబడుతుంది. అక్కడ తరచూ తడిమి చూడాలి.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్షను ఇంట్లోనే, తలుపులు వేసుకుని చేయాలి. కుక్కకు ఎదురుగా కూర్చుని తాడును మెల్లగా మనవైపు లాగాలి. బెదిరిన కుక్క ముందుకు పరుగెత్తదు, వెనక్కి జరిగి తల తప్పించుకుంటుంది. వీధికుక్కల గుంపు ఎదురైనప్పుడో, దీపావళి టపాసు పేలినప్పుడో అది చేసేది సరిగ్గా ఇదే. ఇంట్లో జారిపోయిన పట్టీ రోడ్డు మీదా జారిపోతుంది. అటువంటి పిరికి ప్రాణికి ఛాతీ వెనక, పొట్ట ముందు అదనంగా మరో పట్టీ ఉన్న రకం మేలు.

మన ఎండలకు మందపాటి దిండు అతికించిన జాకెట్లు పనికిరావు, ముఖ్యంగా ముక్కు చప్పిడి కుక్కలకు. గాలి ఆడే పల్చటి జాలీ గుడ్డ చాలు. తాడూ తేలిగ్గా ఉండాలి. మరీ పొట్టి లేదా మరీ బరువైన గొలుసుతో అసమంజసంగా గంటల తరబడి కట్టివేయడాన్ని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం క్రూరత్వంగానే లెక్కిస్తుంది. మెడ బెల్టును పారేయనక్కర్లేదు. ఫోన్ నంబరున్న బిళ్ల దానికే వేలాడనివ్వండి. హార్నెస్ మార్చాక కూడా దగ్గు తగ్గకపోతే పశువైద్యుడికి చూపించాల్సిందే.

దుకాణాల వారికి ఒక విన్నపం. ఒక కంపెనీ చిన్న సైజు ఇంకో కంపెనీకి మధ్య సైజవుతోంది. ప్యాకెట్ మీద ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో పెద్ద అక్షరాలతో వేయించండి. కొనడానికి వచ్చినవాళ్లు కుక్కను వెంట తెచ్చుకుంటే, అక్కడే తొడిగి, నాలుగడుగులు నడిపించి చూసుకోనివ్వండి.